చెల్లి రెండుసార్లు అడిగింది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. నా చెల్లి బి.ఇడి. చదివింది. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది. ఏడేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు ఉన్నారు. మా మరిది హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. బయట చాలా నెమ్మదస్తుడని పేరు, ఇంట్లో చెయ్యి చేసుకుంటాడు. చెల్లి రెండుసార్లు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది. మొదటిసారి మా పెదనాన్న, మరో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి, అల్లుడికి కొత్త బట్టలు పెట్టి ఇద్దరినీ పంపించారు. రెండోసారి, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, ఈ ఏడాది గడవనీయమని అమ్మే నచ్చజెప్పి పంపింది. మూడేళ్ళుగా చెల్లి ఏమీ చెప్పడం లేదు. మొన్న బంధువుల గృహప్రవేశంలో ఆమె మోచేతి పైన కమిలిన మచ్చ చూసి అడిగితే ‘తలుపు తగిలిందక్కా’ అంది. గట్టిగా అడిగితే ఏడ్చేసి, అమ్మకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయమన్నాను, స్టేషన్‌కు వెళదాం రమ్మన్నాను. వద్దంటే వద్దంది. కోపం పట్టలేక ‘అయితే నీ ఖర్మ’ అని వచ్చేశాను. చదువుకున్న పిల్ల, చట్టాలున్నాయని తెలిసిన పిల్ల ఎందుకు సాయం అడగదు? దెబ్బలకు అలవాటు పడిపోయిందా? నేనేం చేయాలి?
– ఒక అక్క

సమాధానం: మీ చెల్లెలు ఎందుకు సాయం అడగదని మీరు రాశారు. కానీ ఆమె రెండుసార్లు అడిగిన సంగతి కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఇద్దరు పసిపిల్లలను, బట్టల సంచిని పట్టుకుని హైదరాబాదు నుంచి గుంటూరు దాకా ఒంటరిగా వచ్చి తలుపు తట్టడం కంటే స్పష్టంగా ఏ ఆడపిల్లా సాయం అడగలేదు. ఆమె అడిగింది, మీ ఇంట్లో వాళ్ళు జవాబు చెప్పారు. ఆ జవాబు విన్నాక మూడోసారి అడగడం మానేసింది. కాబట్టి ఆమె మౌనానికి కారణం ఆమె స్వభావంలో వెతికే ముందు, ఆ రెండు రోజుల్లో మీ ఇంటి వసారాలో ఏం జరిగిందో ఆమె వైపు నుంచి ఒకసారి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. మీ మీద నింద వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మీరు బాధపడుతూ రాశారని ప్రతి వాక్యంలోనూ తెలుస్తూనే ఉంది.

అల్లుడికి కొత్త బట్టలు పెట్టారని రాశారు. మన ఇళ్ళలో అది మర్యాద. పెద్దలు అనుకున్నది ఇంతే: అతని మనసు నొచ్చుకోకూడదు, మన పిల్లను మళ్ళీ మంచిగా చూసుకోవాలి. అయితే ఆ రోజు మీ చెల్లెలి కళ్ళ ముందు, ఆమెను కొట్టిన మనిషి పీట మీద కూర్చుని బొట్టు పెట్టించుకుని పంచెల చాపు అందుకున్నాడు. ఆమె మాత్రం ‘నువ్వూ కాస్త నోరు తగ్గించుకో’ అన్న మాట మూటగట్టుకుని బయలుదేరింది. ఆ మాట ఎవరో ఒకరు తప్పకుండా అనే ఉంటారు, అనకుండా మన పంచాయితీలు ముగియవు. దానితో ఇద్దరికీ ఇద్దరూ పాఠం నేర్చుకున్నారు. కొట్టినా తన మర్యాదకు లోటు రాదని అతనికి తెలిసింది. తిరిగి రావడానికి తనకు చోటు లేదని ఆమెకు తెలిసింది. రెండోసారి తమ్ముడి సంబంధాల మాట విన్నప్పుడు, తన బాధ బయటపడితే తమ్ముడి పెళ్ళి ఆగిపోతుందన్న బరువు కూడా ఆమె మీద పడింది. అమ్మకు చెప్పవద్దని ఆమె ఒట్టు వేయించుకున్నది తల్లి మీద కోపంతోనో, మీ మీద నమ్మకం లేకనో కాకపోవచ్చు. అమ్మకు మళ్ళీ అదే మాట చెప్పే అవసరం రానీయకూడదని, అది తాను మళ్ళీ వినకూడదని అయి ఉంటుందని నా అంచనా.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించిన స్త్రీలలో ఏదో ఒక రకంగా సాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సాయం కోరలేదు సరికదా, ఎవరికీ చెప్పను కూడా లేదు. సాయం కోరిన కొద్దిమందిలో ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికే, పోలీసుల దాకా వెళ్ళినవారు బహు స్వల్పం. అంటే ఆడపిల్లకు మొదటి పోలీస్ స్టేషన్, మొదటి కోర్టు పుట్టిల్లే. అక్కడ కేసు కొట్టేస్తే పై కోర్టుకు వెళ్ళే ధైర్యం ఎందరికి ఉంటుంది?

అదే సర్వేలో మరో అంకె ఉంది. అది చదివినప్పుడల్లా నా మనసు కలత చెందుతుంది. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు చెప్పడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగితే, కనీసం ఒక్క కారణానికైనా సబబే అన్న స్త్రీలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఉన్నారు. దీన్ని చూసి ‘ఆడవాళ్ళకే పట్టింపు లేదు’ అని తేల్చేసేవారితో నేను ఏకీభవించను. ఏ తప్పుకు ఎంత దెబ్బ అన్న లెక్క చిన్నప్పటి నుంచి విని పెరిగిన మనిషి, దెబ్బ పడగానే ముందు తన తప్పేమిటో వెతుక్కుంటుంది. ‘నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అనుకుంటుంది. తనదే తప్పనుకున్న మనిషి ఫిర్యాదు చేయడానికి ఎవరి దగ్గరికి వెళుతుంది? ఆమె దృష్టిలో అది నేరం కాదు, తనకు పడిన మందలింపు. బి.ఇడి. పట్టా ఈ లెక్కను చెరిపివేయదు. పైగా చదువుకున్న స్త్రీకి మరో బరువు కూడా ఉంటుంది. ‘ఇంత చదివి దెబ్బలు తింటున్నావా’ అన్న మాట వినవలసి వస్తుందని ఆమె ఇంకా లోతుగా దాచుకుంటుంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకొక సామెత ఉంది. నవ్వుతూ వాడతాం కానీ, ఆ సామెత పుట్టిన ఇంట్లో నిజంగా ఒక స్త్రీ ఏడ్చి ఉంటుంది. దెబ్బ కంటే దాన్ని ఇతరులు చూడటమే ఎక్కువ బాధించిందని అందులో ఉంది. ‘ఇల్లు గుట్టు, రోగం రట్టు’ అని ఇంకొకటి. ఈ రెండూ కలిసి ఆమె నోటికి వేసిన తాళం ఏ చట్టం చదివితే ఊడుతుంది? నా చిన్నతనంలో మా పక్క వాటాలో ఒక దంపతులు ఉండేవారు. రాత్రి అటునుంచి చప్పుడు మొదలు కాగానే మా ఇంట్లో రేడియో గొంతు పెంచేవారు. పిల్లలు వినకూడదని మావాళ్ళ ఉద్దేశం. మర్నాడు ఆ పిన్నిగారు చెంపకు పసుపు రాసుకుని కాఫీపొడి బదులు కోసం మా గుమ్మంలోకి వచ్చేవారు. మా అమ్మ గిన్నె నిండా పోసి ఇచ్చేది, ఏమైందని మాత్రం అడిగేది కాదు. అడగకపోవడమే ఆమెను గౌరవించడం అని మా అమ్మ నిజంగా నమ్మింది. గోడకు అవతల ఆ రేడియో పాట ఎలా వినిపించి ఉంటుందోనన్న ఆలోచన నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ రాలేదు.

సిగ్గు ఎలా విడిపోతుందో చూపిన సంఘటన కూడా మన నేల మీదే జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా సాయంత్రం బడికి వచ్చిన స్త్రీలు, సారా తాగి వచ్చిన మొగుళ్ళ దెబ్బల గురించి, కూలి డబ్బులు లాక్కుపోవడం గురించి ఒకరి ముందు ఒకరు చెప్పుకున్నారు. అంతకు ముందు రోజు దాకా ఎవరింట్లో వారు దాచుకున్నదే అది. అందరి ఇళ్ళలోనూ అదే కథ అని తెలిసిన మరుక్షణం అది ఎవరికీ సిగ్గు కాకుండా పోయింది. ఆ కదలిక సారా వేలం పాటలను అడ్డుకోవడం దాకా వెళ్ళి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత మద్యం సంగతి ఏమైందన్నది వేరే కథ. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది ఇది: ఆ స్త్రీలకు కొత్తగా ధైర్యం ఎవరూ నూరిపోయలేదు, చెప్పుకుంటే ‘నీ తప్పేమిటి’ అని అడగని మనుషులు కొందరు వారికి దొరికారు. మీ చెల్లెలికి అలాంటి మనిషి ఒక్కరైనా దొరికారా? మీరు ఆ మనిషి కాగలరు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక తిండి, ఇల్లు, డబ్బు. ఆమె బి.ఇడి. చదివిందని రాశారు కానీ ఉద్యోగం చేస్తోందని రాయలేదు. తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్న మనిషి రేపు ప్రైవేటు బడిలో చేరితే వచ్చే జీతంలో ఇంటి అద్దె పోగా ముగ్గురి కడుపు నిండడం కష్టం. బంగారం ఎవరి బీరువాలో ఉంది, బ్యాంకు కార్డు ఎవరి జేబులో ఉంది, పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఏమైనా ఇచ్చి ఉంటే అది ఇప్పుడు ఎవరి పేరున ఉంది అన్నవి ఆమె రోజూ లెక్క వేసుకునే ప్రశ్నలు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచే వర్తించేలా, నాటికి పెళ్ళికాని ఆడపిల్లల కోసం తెచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా వాటా అడిగిన ఆడపిల్లకు పుట్టింటి గడప దూరమవుతుందని అందరికీ తెలుసు. కష్టం వస్తే తలదాచుకోవలసిన ఒకే ఒక్క ఇంటిని ఆ వాటా కోసం ఎవరు పోగొట్టుకుంటారు? కాబట్టి అడగరు, అడగనందువల్ల వారికంటూ ఏమీ ఉండదు, ఏమీ లేనందువల్ల బయటికి రాలేరు. పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుందన్న భయం మరొకటి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. తండ్రి సంతకం లేకుండా పిల్లలను బడిలో వేయలేనేమోనని కుమిలిపోయే తల్లులకు ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు.

దెబ్బలకు అలవాటు పడిపోయిందా అని అడిగారు. లేదు. దెబ్బలకు ఎవరూ అలవాటు పడరు, దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే కనిపెట్టడానికి అలవాటు పడతారు. తలుపు తీసిన చప్పుడును బట్టి, చెప్పులు విడిచిన తీరును బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో వారికి తెలిసిపోతుంది. ఆమెకు తెలిసిన మరో సంగతి మీకు తెలియకపోవచ్చు. స్త్రీ ఇల్లు విడిచి వెళ్ళే సమయం, వెళతానని చెప్పిన సమయమే చాలాసార్లు అన్నిటికంటే ప్రమాదకరమైనది. అదుపు చేజారుతోందని తెలిసిన మనిషి అంతకు ముందు చేయనిది అప్పుడు చేస్తాడు. మీరు ‘ఇప్పుడే స్టేషన్‌కు పద’ అన్నప్పుడు, ఆ సాయంత్రం తిరిగి ఇంటికి వెళ్ళవలసింది తానేనని ఆమె లెక్క వేసుకుని ఉంటుంది. దాన్ని పిరికితనం అనడానికి నాకు మనసొప్పదు.

ఆమెకు అతని మీద ప్రేమ కూడా ఉండవచ్చు. దీనికి మీరు చికాకు పడకండి. కొట్టిన రాత్రి తర్వాత క్షమించమని కాళ్ళు పట్టుకున్న పొద్దుటిపూటలు ఉంటాయి, పాపకు జ్వరం వస్తే నిద్ర మానుకుని కూర్చున్న తండ్రి కూడా అతనే. చాలామంది స్త్రీలు కోరుకునేది కాపురం పోవాలని కాదు, దెబ్బలు ఆగాలని. కానీ వారికి మనం చూపే దారులు రెండే: సర్దుకుపో, లేదా కేసు పెట్టి జైలుకు పంపు. మొగుణ్ణి జైలుకు పంపిన ఆడదన్న పేరు మోయడానికి సిద్ధంగా లేని మనిషి మొదటి దారిలోనే ఉండిపోతుంది.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. అందుకే చేశారు గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టాన్ని. అది 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. ఇది ప్రధానంగా శిక్షించే చట్టం కాదు, ఆపే చట్టం. కొట్టడమే కాదు, తిట్లు, అవమానాలు, లైంగిక హింస, డబ్బు అందకుండా చేయడం కూడా ఇందులో హింస కిందికే వస్తాయి. భర్త ఆమె జోలికి రాకూడదని, ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని, ఖర్చులు ఇవ్వాలని, పిల్లలను ఆమె దగ్గర ఉంచాలని, ఆమె బంగారం ఆమెకు అప్పగించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. రక్షణ ఆదేశాన్ని అతను ఉల్లంఘిస్తే అప్పుడు ఏడాది దాకా జైలు లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఇల్లు అత్తగారి పేరున ఉన్నా కోడలు కాపురం చేసిన ఇల్లే అయితే నివాస హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె మీ ఊరు వచ్చి తలదాచుకుంటే అక్కడి కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు, హైదరాబాదు తిరగనక్కరలేదు. ఒకవేళ క్రిమినల్ కేసే పెట్టదలిస్తే, భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని శిక్షించే వెనకటి ఐపీసీ 498ఎ సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. దాన్ని కూడా ఆశ్రయం పొందిన చోట పెట్టవచ్చని 2019లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాశారు. ఆచరణలో ఎక్కువే పడుతుంది, వాయిదాలు విసిగిస్తాయి. ఆ సంగతి దాచి ఆమెను కోర్టుకు తీసుకువెళ్ళకండి. తుది తీర్పు వచ్చేలోగా ఇచ్చే మధ్యంతర ఆదేశం మాత్రం ముందే కోరవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసింది. ముందుగా ‘నీ ఖర్మ’ అన్న మాటను వెనక్కి తీసుకోండి. ఫోన్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు, ఆమె ఫోన్ అతను చూస్తూ ఉండవచ్చు. ఏదో ఒక నెపంతో, పాప పుట్టినరోజనో, ఆ ఊళ్ళో పని ఉందనో వెళ్ళి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. ‘ఆ రెండుసార్లూ నిన్ను పంపించడం మా తప్పు’ అనండి. ఇది ఆమె ఇంతవరకూ మీ ఇంట్లో ఎవరి నోటా విని ఉండదు. ‘ఎందుకు భరిస్తున్నావు’ అన్న ప్రశ్న ఇక వేయవద్దు, ‘నేనేం చేస్తే నీకు కాస్త తేలిక’ అని అడగండి. కేసు పెట్టమని, విడాకులు తీసుకోమని ఒత్తిడి చేయకండి. పదే పదే ఒకరి మాట వినవలసి రావడమే ఆమె కష్టం, ఆ ఒకరి స్థానంలోకి మీరు వెళ్ళకూడదు.

మాటగా కాకుండా వస్తువుగా సాయం చేయండి. మీ ఇంట్లో ఆమెకూ పిల్లలకూ ఒక గది ఉంటుందా, ఎన్ని నెలలు ఉంటుంది, మీ భర్త ఒప్పుకున్నారా అన్నది ముందే తేల్చుకుని ఆ సంగతి అలాగే చెప్పండి. ఆరు నెలలే అయితే ఆరు నెలలనే చెప్పండి, లేని హామీ ఇవ్వవద్దు. ఆమె బి.ఇడి. సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్ళి ఫొటోల నకళ్ళు మీ దగ్గర భద్రపరచండి. ఈసారి దెబ్బ తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని చీటీ దాచమనండి, రేపు ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా అది పనికి వస్తుంది. 181కి ఫోన్ చేస్తే కేసు అయిపోతుందని ఆమె భయపడుతూ ఉండవచ్చు. అది సలహా అడిగే నంబరు కూడా అని, కావాలంటే ముందు మీరే చేసి తెలుసుకుంటానని చెప్పండి. జిల్లా సఖి కేంద్రంలో కొద్ది రోజుల బస, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. వకీలు ఫీజుకు భయపడనక్కరలేదు, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది, ఆ నంబరు 15100.

ఈ ప్రశ్నలు మాత్రం తప్పకుండా అడగండి: ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా? చంపుతానని, కాల్చేస్తానని అన్నాడా? పిల్లల మీద చెయ్యి వేశాడా? గొంతు నులిమిన మనిషి ఆ తర్వాత ప్రాణం తీసే ప్రమాదం చాలా ఎక్కువ. వీటిలో దేనికైనా అవునంటే, సమయం కోసం ఎదురుచూడకుండా, అతనికి తెలియకుండా ఆమెను, పిల్లలను బయటికి తీసుకువచ్చే ఆలోచన ఆమెతో కలిసి అప్పుడే చేయండి. గొడవ జరుగుతూ ఉండగా అయితే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా, ఈ గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి తెలియజేయవచ్చని, సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ బాధ్యతా ఉండదని చట్టంలోనే ఉంది. అయితే ప్రాణాపాయం లేనంత వరకు ఆమెను అడగకుండా ఆ పని చేయకండి.

ఇక మీ ఒట్టు సంగతి. ఆమె ఒప్పుకునేదాకా అమ్మకు చెప్పవద్దు. ఆమె చేతిలో ఇంకా మిగిలి ఉన్న నిర్ణయాల్లో అదొకటి. కానీ చెల్లెలి పేరు ఎత్తకుండానే అమ్మతో ఒక సంభాషణ మీరు మొదలుపెట్టవచ్చు. తమ్ముడి పెళ్ళి అయిందో లేదో మీరు రాయలేదు. అయినా కాకపోయినా, ఒక రోజు అమ్మ పక్కన కూర్చుని, ‘అది మళ్ళీ ఎప్పుడైనా సంచి పట్టుకుని వస్తే ఈసారి పంపించవద్దమ్మా’ అనండి. ఆమె ఏమంటుందో వినండి. బహుశా అమ్మకు కూడా ఎవరికీ చెప్పనిది ఏదో ఉండి ఉంటుంది. ఆమె ఒప్పుకున్న రోజున ఆ సంగతి చెల్లెలికి మీరు కాకుండా అమ్మచేతే చెప్పించండి.